వృక్షత్వచములందలి యౌషధములు: వానిని వేఱుపఱచుట, పరీక్షించుట

(సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



నిరుటి మహాసభలో వచ్చిన యొక ప్రతిపాదన మీలో పెక్కుమందికి జ్ఞాపకముండును. మన పోషకులలో నొకరు, తమ తోటలయందును వాగుగట్లయందును విస్తారముగా నున్న తెల్లమద్ది చెట్ల పట్టను దంచించి, గుండెజబ్బునకు మందుగా సంఘము పేరిట అమ్మించినచో, ఆ లాభముతో మన విద్యార్థి వసతిగృహమునకు మఱి నాలుగు గదులు కట్టవచ్చునని సెలవిచ్చిరి. మూలధనమును తామే యిచ్చెదమనిరి. సభ్యులు సంతోషముతో చప్పట్లు చఱచిరి. అప్పుడు మేము లేచి, ఒక్క సంవత్సరము ఓపిక పట్టుడని ప్రార్థించితిమి. శుభకార్యమున తుమ్మినట్లయినదని కొందఱనుకొనిరి. అయినను కార్యనిర్వాహకులు మా మాట మన్నించి, ప్రతిపాదనను ఈ సభకు వాయిదా వేసి, దానికి సంబంధించిన శాస్త్రవిషయమును మీ యెదుట నుంచుమని మమ్మాజ్ఞాపించిరి. ప్రతిపాదించిన పోషకులే అందఱికంటె ముందుగా దానికి సమ్మతించిరి. ఇది వారి యౌదార్యము.

మేము వైద్యులము కాము; రసాయనశాస్త్రమును పలువత్సరములు బోధించి విశ్రాంతి నొందిన యుపాధ్యాయులము. కావున ఏ రోగమునకు ఏ మందు పుచ్చుకొనవలెనో చెప్పబోము. చెట్టుపట్టలో నుండు గుణమును రసాయనికు లెట్లు వెదకి పట్టుకొందురో, పట్టుకొన్నదానిని ఎట్లు పరీక్షింతురో మొదట విన్నవించి, పిమ్మట మన తెల్లమద్ది సంగతికి వత్తుము.

మనకు చర్మమెట్టిదో చెట్టునకు పట్ట యట్టిది. అంతేకాదు, ఆకులలో తయారైన ఆహారరసము వేళ్ళకు దిగుట పట్టయొక్క లోపలి పొరగుండనే. ఆ తీపిరసమునకై పురుగులును, బూజులును, పశువులును ఎల్లప్పుడు కాచుకొనియుండును. చెట్టు పరుగెత్తి తప్పించుకొనజాలదు. కావున చేదు, వగరు, ఘాటు, విషము వీనిని తన పట్టయందే దాచుకొని శత్రువుల నెదుర్కొనును. మనము మందని పిలుచునది చెట్టునకు ఆయుధము. ఆయుధ మగుటచేతనే అది మన దేహమున పనిచేయుచున్నది. ఆయుధ మగుటచేతనే మోతాదు తప్పినచో హానియు చేయుచున్నది. "చెట్టుమందు గదా, చేటేమి?" యను మాట మనలో తఱుచుగా వినబడును. ఉమ్మెత్తయు చెట్టే, గన్నేరును చెట్టే యని మఱవరాదు.

చెట్టుపట్టల చరిత్రలో మిక్కిలి ప్రసిద్ధికెక్కినది సింకోనా. దక్షిణ అమెరికాలోని ఆండీసు పర్వతములందు పెరుగు ఈ చెట్టు పట్ట పదునేడవ శతాబ్దమున ఐరోపాకు చేరి, చలిజ్వరమునకు మందుగా పేరు పొందెను. కాని యందొక చిక్కు కలదు. ఒక మూటలోని పట్ట జ్వరమును కట్టును. మఱియొక మూటలోని పట్ట కట్టదు. చెట్టు జాతి వేఱు కావచ్చును, వయస్సు వేఱు కావచ్చును, పెరిగిన నేల వేఱు కావచ్చును, వర్తకుడు కల్తీ చేసియుండవచ్చును. చెంచాడు పొడిలో మందెంత యున్నదో ఇచ్చువానికి గాని పుచ్చుకొనువానికి గాని తెలియదు. 1820లో పారిసు నగరమున పెల్లెటియే, కావెంతూ అను ఇరువురు రసాయనికులు ఆ పట్టనుండి క్వినైను అను చేదుపదార్థమును వేఱుపఱచిరి. మన పెద్దలు కొయినా యని పిలిచినది యిదియే. ఇట్టి పదార్థములను ఆల్కలాయిడు లందురు. నాటినుండి వైద్యుడు పట్టపొడిని గాక క్వినైనును తూచి యీయగలిగెను. ఇంత మనుష్యునికి ఇంత యని నిశ్చయముగా చెప్పగలుగుటయే ఔషధమునకు మొదటి మెట్టు.

రెండవ మెట్టు మన దక్షిణదేశముననే జరిగినది. 1860వ సంవత్సరము తరువాత సింకోనా మొక్కలను నీలగిరులకు తెచ్చి నాటిరి. అందు ఎఱ్ఱపట్ట జాతి చక్కగా పెరిగెను. అయితే దాని పట్టలో క్వినైను పాలు తక్కువ; క్వినైనునకు తోబుట్టువుల వంటి యితర ఆల్కలాయిడుల పాలు ఎక్కువ. క్వినైను వెల పేదవాని కందనిది. ఆ తోబుట్టువులును జ్వరమును కట్టునేని చౌకమందు దొరకును. కట్టవేని తోటలపై పెట్టిన ధనములో చాలభాగము వ్యర్థము. ఊహించి చెప్పువారు రెండు ప్రక్కలను ఉండిరి. ఊహలతో పని లేకుండ, 1866లో మద్రాసున సింకోనా కమిషను ఏర్పడి, 1868 వఱకు ఆ నాలుగు ఆల్కలాయిడులను వేఱువేఱుగా రోగులకిచ్చి ఫలితములను లెక్కవ్రాసెను.

ఆ లెక్క యిది. క్వినైను 846 మందికి, క్వినిడీను 664 మందికి, సింకోనీను 559 మందికి, సింకోనిడీను 403 మందికి ఇచ్చిరి. వెరసి 2,472 మంది. వీరిలో జ్వరము కట్టనివారు 27 మంది. వేయికి ఎందఱని చూచినచో, క్వినిడీనువలన 6, క్వినైనువలన 7, సింకోనిడీనువలన 10, సింకోనీనువలన 23 మందికి గుణము కనబడలేదు. నాలుగును పనిచేయును, నాలుగును సమానముగా పనిచేయవు. ఇదియే వారు కనుగొనిన సత్యము. సోదరులారా, కుదిరినవారిని లెక్కించుట యెవరైనను చేయుదురు. కుదురని యా 27 మందిని గూడ దాచక లెక్కించుటవలననే ఆ పట్టికకు విలువ వచ్చినది. నేడు మలేరియాకు వేఱుమందులు ముందుగా వాడబడుచున్నవి, క్వినైను స్థానము తగ్గినది. కాని ఆ లెక్కకట్టిన తీరు నేటికిని ఆదర్శప్రాయమే.

ఇంకొక సంగతి. ఆ కమిషను పనిచేసిన నాటికి చలిజ్వరమునకు కారణమేమో యెవరికిని తెలియదు. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డు రాసుగారు మన సికింద్రాబాదున చూచినది 1897లో. కారణము తెలియకమునుపే గుణమును కొలిచి యుండిరి. కావున మన పూర్వులకు రోగకారణము తెలియదు గాన వారి మందు పనికిరాదని వాదించుట తప్పు. పూర్వులు చెప్పిరి గాన కొలువనక్కఱలేదనుటయు అంతే తప్పు.

ఇక పట్టలోని పదార్థములను వేఱుపఱచు విధము చెప్పుదుము. మన యిండ్లలో కషాయము కాచుటయు ఒకవిధమైన వేఱుపఱచుటయే. నీటిలో కరగునవి నీటిలోనికి వచ్చును, కరగనివి పిప్పిలో నిలుచును. రసాయనికుడు ఈ పనినే మెట్లు మెట్లుగా చేయును. పట్టను నీడను ఆరబెట్టి, పొడిచేసి, మొదట జిడ్డును మాత్రము కరగించు ద్రవములో నానవేయును. పిమ్మట దానికంటె తీక్ష్ణమైన ద్రవములో, ఆపైన సారాలోను నీటిలోను నానవేయును. ఒక్కొక్క ద్రవము తనకు తగినవానిని తీసికొనిపోవును. అట్లు వచ్చిన ఒక్కొక్క సారమునందును పదులకొలది పదార్థము లుండును. వానిని విడదీయుటకు క్రొమటోగ్రఫీ యను పద్ధతి కలదు. పిల్లలు అద్దుడుకాగితముపై సిరాబొట్టు వేసి, అంచును నీటిలో ముంచినచో, ఆ సిరా పైకి ప్రాకుచు రెండు మూడు రంగులుగా విడిపోవుట మీరు చూచియుందురు. అదియే యిది. కాగితమునకు బదులు గాజుగొట్టమున మెత్తని పొడి నింపి, పైనుండి సారమును పోసి, ద్రవమును మెల్లగా దింపినచో, ఒక పదార్థము ముందును, ఒకటి వెనుకను దిగును. వేఱువేఱు సీసాలలో పట్టి, ఆరనిచ్చి, స్ఫటికములుగా మార్చి, అది ఏ పరమాణువు లెట్లు కూడుటచే నయినదో యంత్రసహాయమున నిర్ణయింతురు.

ఏ సీసాలో మందున్నదో తెలియుటెట్లు? ఇచ్చటనే పరీక్ష. మొదటి సారమును పరీక్షింతురు. గుణము కనబడినచో దానిని పది భాగములుగా విడదీసి, పదింటిని పరీక్షింతురు. గుణమున్న భాగమును మఱల విడదీయుదురు. వేటకుక్క వాసన పట్టి పోవునట్లు గుణమును పట్టుకొని పోవుచు, తుదకు ఒక్క పదార్థమును చేరుదురు. కొన్నిసార్లు తుదకు చేరునప్పటికి గుణమే మాయమగును. రెండు మూడు పదార్థములు కలసియున్నప్పుడే ఆ గుణ ముండెనో, లేక మొదటి పరీక్షయే మోసపుచ్చెనో విచారింపవలసి యుండును.

అట్టి మోసము మాకును తగిలినది. విద్యార్థిదశలో ఒక చెట్టుపట్ట సారమును క్రిములపై వేసి చూచితిమి. క్రిములు చచ్చెను. గొప్ప మందు కనుగొంటిమని పొంగిపోయి మా గురువుగారియొద్దకు పరుగెత్తితిమి. వారు రెండే ప్రశ్న లడిగిరి: "సారమును సారాలో కరగించితివి గదా, వట్టి సారాను వేసి చూచితివా? పట్టలోని వగరును తీసివేసి చూచితివా?" రెండును చేయలేదు. వగరు గుణముగల పదార్థములను టానిను లందురు. తంగేడుపట్టతో తోళ్ళు పదును చేయుట మీ రెఱుగుదురు. పచ్చితోలులోని మాంసకృత్తును గట్టిగా పట్టుకొని బిగించునవి ఈ టానినులే. తోలును బిగించునది పరీక్షపాత్రలోని యే మాంసకృత్తునైనను బిగించును. కాబట్టి టానిను లున్న ప్రతి పట్టయు పాత్రలో మహౌషధము వలెనే కనబడును. కడుపులోనికి పోయినపిమ్మట అది యట్లే పనిచేయునను నమ్మకము లేదు. మేము టానినులను తొలగించి మఱల పరీక్షించితిమి. క్రిములు హాయిగా పెరిగెను. ఆ దినమున మాకు కలిగిన సిగ్గు మాకు చదువు నేర్పినది.

సరిగా జరిగిన యన్వేషణ యెట్లుండునో ఒక్క యుదాహరణము చాలును. అమెరికా సంయుక్తరాష్ట్రములలో, 1962 ఆగస్టు మాసమున, వాషింగ్టను రాష్ట్రపు అడవులలో ఆర్థరు బార్క్లే యను వృక్షశాస్త్రజ్ఞుడు పసిఫికు యూ యను చెట్టు పట్టను సేకరించెను. అది మెల్లగా పెరుగు చిన్న చెట్టు. కలప నఱకువారు దానిని విలువలేనిదని కాల్చివేయుచుండిరి. క్యాన్సరు మందులకై వేలకొలది మొక్కలను వరుసగా పరీక్షించు కార్యక్రమములో నది యొకటి. ఉత్తర కరొలినాలో మన్రో వాల్ అను రసాయనికుడును, మహారాష్ట్రమున జన్మించి బొంబాయి విశ్వవిద్యాలయమున చదివిన మన్‌సుఖ్ వానీగారును దాని సారమును పైన జెప్పిన రీతిగా విడదీయుచు పోయిరి. పండ్రెండు కిలోగ్రాముల పట్టనుండి తుదకు వచ్చినది అర గ్రాము పదార్థము. ఇరువదినాలుగువేల పాళ్ళలో ఒక్క పాలు! దానికి టాక్సాలు అని పేరిడి, 1971లో దాని నిర్మాణమును ప్రకటించిరి. 1979లో సూజను హార్విట్జుగారు అది జీవకణములోని సన్నని గొట్టములను కదలనీయక బిగించి, కణము రెండుగా చీలకుండ ఆపునని చూపిరి. పిమ్మట రోగులపై పలు పరీక్షలు జరిగి, 1992 డిసెంబరులో అండాశయ క్యాన్సరునకు మందుగా అక్కడి ప్రభుత్వాధికారుల యనుమతి లభించెను. పట్ట కోసిన నాటికిని అనుమతి వచ్చిన నాటికిని నడుమ ముప్పది సంవత్సరములు.

అందొక దుఃఖముకూడ కలదు. పట్ట ఒలిచిన యూ చెట్టు బ్రదుకదు. ఒక్కొక్క రోగికి పెక్కు చెట్లు కావలసివచ్చెను. ఇట్లు సాగినచో మందుతోపాటు చెట్టును అంతరించునని భయము కలిగెను. అప్పుడు రసాయనికులు ఐరోపాలోని యూ చెట్టు ఆకులలో దానికి దగ్గఱి పదార్థమొకటి యుండుట గమనించి, ఆకులు కోసిన చెట్టు మఱల చిగుర్చును గనుక, ఆ పదార్థమునుండియే మందును తయారుచేయు మార్గము కనుగొనిరి. పదార్థమును వేఱుపఱచి దాని రూపమును తెలిసికొనకపోయినచో ఈ మార్గము దొరకెడిదే కాదు. కావున వేఱుపఱచుట మనుష్యునికే గాక చెట్టునకును మేలు చేసినది.

ఇక మన దేశపు చెట్లకు వత్తము. అన్ని పరీక్షలకంటె ముందు జరుగవలసిన పరీక్ష యొకటి కలదు: ఇది ఏ చెట్టు? కొడిసెపాల పట్టను రక్తవిరేచనములకు మన వైద్యులు అనాదిగా వాడుచున్నారు. కొనెస్సీను అను ఆల్కలాయిడు దానినుండియే లభించినది. ఏటికొప్పాక లక్కబొమ్మలకు కఱ్ఱనిచ్చు అంకుడు చెట్టు దానికి దగ్గఱి చుట్టము. రెండింటికిని పాలు గారును, రెండును తెల్లపూలు పూయును, పేర్లును పల్లెపల్లెకు మాఱుచుండును. సంతలో కొడిసెపాలయని అంకుడుపట్ట నమ్ముట తఱుచు. కొడిసెపాల మిక్కిలి చేదు; అంకుడునకు ఆ చేదు లేదు. అంకుడుపట్ట పుచ్చుకొని విరేచనములు కట్టనివాడు కొడిసెపాలను నిందించును. ఇట్లే తెల్లమద్దియు నల్లమద్దియు. తెల్లమద్ది పట్ట పాలిపోయిన రంగుతో నునుపుగా నుండి పొరలు పొరలుగా రాలును. నల్లమద్ది పట్ట మొసలి వీపువలె పగుళ్ళు వాఱియుండును. చెట్టుపై నున్నప్పుడు పసివాడైనను గుర్తుపట్టును. పొడి చేసి పొట్లము కట్టినపిమ్మట పండితుడును భ్రమపడును.

తెల్లమద్దియే సంస్కృతమున అర్జునము. దాని పట్టను పాలతో కాచి హృద్రోగమున కిచ్చుట చక్రదత్తమున చెప్పబడినది. దాని రసాయనపరీక్షలో ఆంధ్రులకు గౌరవనీయమైన పాలు కలదని చెప్పుటకు సంతసించుచున్నాము. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు ఆచార్య టి. ఆర్. శేషాద్రిగారు 1930 దశాబ్దమున ఓషధిరసాయన పరిశోధనకు గట్టి పునాది వేసి, 1949లో ఢిల్లీకి వెడలిరి. వారి పిమ్మట అచట ఆచార్య ఎల్. రామచంద్రరావుగారును వారి శిష్యులును మద్దిజాతి చెట్లను వరుసగా పరీక్షించి, తెల్లమద్ది పట్టనుండి అర్జునికామ్లమను పదార్థమును వేఱుపఱచి, దాని నిర్మాణమును 1970లో ప్రకటించిరి. పట్టలో నేమున్నదో మనవారే లోకమునకు చెప్పిరి.

అయితే పట్టలో నేమున్నదనుట వేఱు. రోగికి మేలగునా యనుట వేఱు. ఈ రెండవ ప్రశ్నకు ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థలో జరిగిన యొక పరీక్ష 2016లో ప్రకటితమయ్యెను. గుండె బలహీనపడిన నూఱుమంది రోగులను తీసికొని, వారి మామూలు మందులను మానిపింపక, కొందఱికి తెల్లమద్ది పట్ట సారమును, కొందఱికి దానిని బోలిన వట్టిమందును ఇచ్చిరి. ఎవరికేది యిచ్చినదియు రోగికి గాని వైద్యునికి గాని తెలియనీయలేదు. తెలిసినచో మనస్సు పక్షపాతము వహించును గదా! పండ్రెండు వారములైన పిమ్మట చూడగా, గుండె రక్తమును నెట్టు శక్తియందు రెండు పక్షములకును భేదము కనబడలేదు. కొందఱికి నడకయందును ఉత్సాహమునందును కొంత మేలు తోచినది. అనగా ఈ పట్ట వ్యర్థమని తేలలేదు. గుండెను బాగుచేయునని యంతకంటెను తేలలేదు. అధికకాలము, అధికసంఖ్యాకులపై పరీక్షింపదగినదని మాత్రము చెప్పవచ్చును.

ఇప్పుడు మేము నిరుడు లేచి నిలువబడుటకు కారణము చెప్పవలసియున్నది. సభలో చెప్పదగునా యని సంకోచించితిమి. చెప్పకున్న తప్పగునని తోచినది.

మా పెద్దన్నగారికి గుండె నీరసించిన జబ్బు. ఆస్పత్రివా రిచ్చిన మాత్రలు మూడేండ్లు వాడి, వ్యవసాయపు పనులు చూచుకొనుచు బాగుగనే యుండిరి. ఒక బంధువు తెల్లమద్ది కషాయము సంగతి చెప్పగా, మా యింటికి వచ్చి, "తమ్ముడా, నీవు ఇవన్నియు చదివినవాడవు గదా, ఇది మంచిదేనా?" యని యడిగిరి. మేము పుస్తకమునుండి తల యెత్తకయే, "మంచిదే అన్నయ్యా, పూర్వులు వాడినదే, అందులో చాల పదార్థము లున్నవి" అంటిమి. మాత్రలు మానుచున్నారా యని మేమడుగలేదు. వారు చెప్పలేదు. చదువుకొన్న తమ్ముడు మంచిదన్నాడను ధైర్యముతో వారు మాత్రలు మానిరి. రెండు మాసములకు కాళ్ళు వాచినవి. రాత్రులు పండుకొన్న ఊపిరాడక కూర్చుండియే తెల్లవార్చుచుండిరి. ఆస్పత్రికి చేర్చునప్పటికి ఆలస్యమైనది. అయిదవనాడు స్వర్గస్థులైరి.

ఆ పట్ట వారి ప్రాణము తీసినదని మేమనుట లేదు. దాని దోషమేమియు లేదు. మాత్రలు మానుటవలన కీడు మూడినది. మాత్రలు మానుటకు మా మాట కారణమైనది. మేము చెప్పినది అసత్యమును కాదు. అందులో చాల పదార్థము లున్నమాట నిజమే. సగము తెలిసినవాని నోటినుండి వచ్చు నిజము ఎంత హాని చేయునో మాకు ఆనాడు తెలిసినది. పరీక్షపాత్రలోని తప్పునకు సిగ్గుపడితిమి. ఈ తప్పునకు సిగ్గు చాలదు.

మహాశయులారా! ఒక్క తమ్ముని మాటకే అంత బలమున్నప్పుడు, పొట్లముపై సంఘము పేరుండినచో దాని బలమెంత? మన పల్లెలలో సంఘము మాటను తల్లిదండ్రుల మాటవలె నమ్మువారు గలరు. వారిలో గుండెజబ్బువారు పొట్లము కొని, ఇది మనవారిదే గదా యని ఆస్పత్రి మాత్రలను అటకమీద పెట్టరని ఎవరు హామీ యీయగలరు? అదిగాక, గుండెజబ్బులను కుదుర్చునని మందును ప్రకటించుట 1954 నాటి చట్టముచే నిషేధింపబడినది. చట్టము లేకున్నను మన ధర్మము మనకు కలదు.

అట్లని పోషకులవారి యుదారబుద్ధి వ్యర్థము కారాదు. కావున ఆ మూలధనమునే వేఱొక మార్గమున వినియోగింపుడని నాలుగు మనవులు చేయుచున్నాము.

మొదటిది: ఆ ధనమును నిధిగా నుంచి, దాని వడ్డీతో రసాయనశాస్త్రమునందో ఔషధశాస్త్రమునందో ఉన్నతవిద్య నభ్యసించు మన బాలునికొకరికి, బాలికకొకరికి ఏటేట విద్యార్థివేతన మీయవలెను. శేషాద్రిగారి వంటివారు తమ గురువులు వెలిగించిన దీపముతో తమ దీపము వెలిగించుకొన్నవారే.

రెండవది: మన పల్లెలలోని వృద్ధులు, ముఖ్యముగా ముసలమ్మలు, ఏ పట్టను ఏ జబ్బునకు ఎంత మోతాదున ఎట్లు కాచి యిచ్చెదరో, వారి మాటలలోనే వ్రాసి యుంచవలెను. పేరు వ్రాసిన చాలదు. ఆ చెట్టు ఆకు, పువ్వు, కాయ, పట్ట ముక్క కాగితమున కతికించి, కోసిన తావును దినమును వ్రాసి భద్రపఱుపవలెను. వారితోపాటు ఆ తెలివియు కాటికి పోవుచున్నది. ఇది ఆలస్యము చేయరాని పని.

మూడవది: అట్లు సేకరించినవానిలో పరీక్షార్హములని పెద్దలు తలచినవానిని విశ్వవిద్యాలయమునకు పంపి, ఫలితము మన కనుకూలమైనను కాకున్నను, మన వార్షికసంచికలో ప్రకటింపవలెను. మద్రాసు కమిషనువారు ఆ 27 మందిని దాచలేదు. మనమును దాచరాదు.

నాలుగవది: తోటలలోని మద్దిచెట్లను కాపాడవలెను. మానుచుట్టును పట్ట ఒలిచినచో ఆహారరసము వేళ్ళకు దిగక చెట్టు ఎండిపోవును. ఇంటివాడుకకు కావలసినవారు ఒక ప్రక్క సన్నని పట్టీగా మాత్రము తీసి, ఆ గాయము మానువఱకు మఱల ముట్టరాదు.

కషాయము త్రాగువారికి కడపటి మాట యొకటి. పూర్వుల మందుపై మీకు నమ్మకమున్న ఉండనిండు. దానిని తీసివేయుట మా యుద్దేశము కాదు. కాని త్రాగుచున్న సంగతి మీ వైద్యునికి దాచకుడు. ఆయన చెప్పక మాత్రలను మానకుడు. ఇంటిలో చదువుకొన్న తమ్ముడో, కొడుకో, కూతురో యుండి, మీరు వచ్చి అడిగినప్పుడు, వారు పుస్తకమునుండి తల యెత్తి, "ఇప్పుడేమి మందులు వాడుచున్నారు?" అని మొదట అడుగవలెను. ఇది యువజనులకు మా విన్నపము.

వసతిగృహమునకు కావలసిన నాలుగు గదులు కట్టుటకు మనయందు చేతులు కలవు, మనస్సులు కలవు. ఆ గదులకు మావంతుగా ఒక సంవత్సరపు పింఛనును ఈ సభాముఖమున సమర్పించుచున్నాము. మా యన్నగారి పేరు అచట చెక్కింప నక్కఱలేదు. అచట చదువు పిల్లలలో ఒక్కరైనను ఒక పట్టను సరిగా తూచి, సరిగా విడదీసి, సరిగా పరీక్షించి, లోకమునకు నిజము చెప్పిన చాలును.